హాన్లే చీకటి: ఒక హోమ్‌స్టే, ఒక ఎనిమిది అంగుళాల టెలిస్కోపు

మహాలయ అమావాస్య నాడు ఊరు దాటొద్దని మా అత్తమ్మ ఎప్పుడూ చెప్పేది. పైగా అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ. పెళ్ళయి సిద్దిపేటకు వచ్చాక ఆ సాయంత్రం నేను ఇంట్లో లేకపోవడం ఇదే మొదటిసారి. 2024 అక్టోబరు 2న మా వాడ ఆడవాళ్ళు తంగేడు, గునుగు పేరుస్తున్న వేళకు నేను లద్దాఖ్‌లోని హాన్లేలో, సుమారు 4,300 మీటర్ల ఎత్తున, ఒక ఇంటి మిద్దె మీద రెండు స్వెట్టర్లు, ఒక కోటు తొడుక్కుని నిలబడి ఉన్నాను. అమావాస్యను కావాలనే ఎంచుకున్నాం. వెన్నెల ఉన్నప్పుడు హాన్లేకు వెళ్తే సగమే చూసినట్టు.

జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా ఫిజికల్ సైన్స్ చెప్పి 2023లో రిటైరయ్యాను. పాలపుంత బొమ్మను బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్క లేదు. పిల్లలు "టీచర్, మీరు చూశారా?" అని అడిగితే "చిన్నప్పుడు మా ఊళ్ళో చూశాను" అని చెప్పేదాన్ని. అది నిజమే కానీ, చూసిన గుర్తు మసకబారిపోయింది. అందుకే రిటైరయ్యాక మొదటి పెద్ద ప్రయాణం ఇదే పెట్టుకున్నాను. మా చిన్నమ్మాయి తోడు వచ్చింది. అక్కడ రెండు రాత్రులున్నాం, రెండు చోట్ల. ఆ రెండింటికీ ఉన్న తేడా చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎందుకంటే హాన్లేకు వెళ్ళే మనవాళ్ళు చాలామంది మొదటి రాత్రి మేము చేసిన తప్పే చేస్తారని నా భయం.

లేహ్ నుంచి హాన్లే సుమారు 260 కిలోమీటర్లు. ఉప్షీ, చుమథాంగ్, మాహే, న్యోమా మీదుగా సింధు నది పక్కనే చాలా దూరం పోతాం. లేహ్‌లో మూడు రోజులు ఆగి, ఒంటికి ఆ ఎత్తు అలవాటయ్యాకే బయలుదేరాం. అరవై దాటిన వాళ్ళు ఈ విషయంలో తొందరపడొద్దు. ప్రయాణం ఎనిమిది గంటలు పట్టింది. ట్రావెల్స్ వాళ్ళు ముందే బుక్ చేసిన క్యాంపులో దిగాం. పేరు రాయను. మంచి మంచాలు, గీజరు, అటాచ్డ్ బాత్రూం, అన్నీ ఉన్నాయి. ఇద్దరికీ రాత్రికి ఏడు వేలు.

చీకటి పడగానే గుడారాల ముందు వరసగా తెల్ల లైట్లు వెలిగాయి. మన ఫంక్షన్ హాలు దారిలో పెడతారే, అలాంటివి. "వీటిని ఆపండి" అని అడిగితే, పదకొండు తర్వాత ఆపుతామన్నారు. కస్టమర్లు భయపడతారట. అప్పటిదాకా మేము గుడారం వెనక్కి వెళ్ళి, రెండు చేతులూ కళ్ళకు అడ్డం పెట్టుకుని ఆకాశం చూశాం. అయినా సరే, సిద్దిపేటతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువే కనిపించింది. కానీ పన్నెండు వందల మైళ్ళు వచ్చి, గంగ ఒడ్డున నిలబడి బకెట్టు నీళ్ళతో స్నానం చేసినట్టయింది. మా అమ్మాయికి కోపం వచ్చి పొద్దున్నే బ్యాగులు సర్దేసింది.

రెండో రాత్రి ఊళ్ళో ఒక హోమ్‌స్టేకు మారాం. ఈ రివ్యూ అసలు దాని గురించే. దానితో పాటు ఆ ఊరి పిల్లలు నడిపే ఆకాశ దర్శనం గురించి.

ముందుగా ఈ ఏర్పాటు ఏమిటో చెప్తాను. హాన్లే చుట్టూ 22 కిలోమీటర్ల వ్యాసార్థంలో, 1,073 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 2022 డిసెంబరులో డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే రాత్రి చీకటిని దీపాల వెలుగు నుంచి కాపాడే ప్రాంతంగా, నోటిఫై చేశారు. మన దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. ఇక్కడి కొండ మీద ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్ళ వేధశాల ఉంది. అందులోని రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు రెండు దశాబ్దాలకు పైగా పని చేస్తోంది. దాన్ని బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచే ఉపగ్రహం ద్వారా తిప్పుతారు. వాన మేఘాలను హిమాలయాలు అడ్డుకుంటాయి కాబట్టి గాలిలో తేమ తక్కువ. ఊళ్ళు చిన్నవి, ఎడంఎడంగా ఉంటాయి. అయితే టూరిస్టులు పెరిగితే లైట్లు పెరుగుతాయి, లైట్లు పెరిగితే టెలిస్కోపుకు కళ్ళు పోతాయి. దీనికి రెండే దారులు. ఒకటి ఊరి వాళ్ళ మీద నిషేధాలు పెట్టి కాపలా కాయడం. రెండోది, చీకటి ఉంటేనే ఊరికి నాలుగు డబ్బులు వచ్చేలా చేయడం. వీళ్ళు రెండో దారి పట్టారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి 24 మందిని ఎంపిక చేసి, ఖగోళ శాస్త్రంలో శిక్షణ ఇచ్చి, చేతికి టెలిస్కోపులు ఇచ్చారు. వాళ్ళను ఆస్ట్రో అంబాసిడర్లు అంటారు.

మాకు ఆకాశం చూపించిన అమ్మాయి వాళ్ళలో ఒకరు. మేమున్న ఇంటావిడకు చెల్లెలి కూతురు. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. పగలంతా మేకల పని, ఇంటి పని. రాత్రి ఏడున్నరకు మిద్దె మీద డాబ్సోనియన్ టెలిస్కోపు పెట్టుకుని కూర్చుంది. ఎనిమిది అంగుళాల అద్దం, కింద చెక్క పీఠం. నన్ను "ఆమాలే" అని పిలిచింది. ఆమా అంటే అమ్మ, లే అంటే మన "గారు" లాంటిది. మాట్లాడుకుంది హిందీలో.

మెట్లెక్కగానే ముందు మా ఫోన్లు జేబుల్లో పెట్టించింది. ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోబెట్టింది. కళ్ళు చీకటికి అలవాటు పడాలి కదా. తన టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఉంది. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినదాన్ని, ఒక మంచి టీచరును చూస్తే గుర్తుపట్టగలను. ఆ ఇరవై నిమిషాలూ తను ఒక్క నక్షత్రం పేరు కూడా చెప్పలేదు. "ఏం కనిపిస్తోంది, మీరే చెప్పండి" అని అడుగుతూ పోయింది. మొదట వందలు, తర్వాత వేలు, ఆ తర్వాత లెక్క వదిలేశాం. నైరుతిలో కొండ అంచు నుంచి లేచిన తెల్లటి పొగ నెత్తి మీదుగా ఈశాన్యం దాకా పరుచుకుంది. మేఘం అనుకున్నాం. "అదే మీ పాలపుంత" అంది. దాని మధ్యలో నల్లటి చీలికలు కూడా కనిపించాయి. అవి ఖాళీలు కావు, వెనకాల ఉన్న నక్షత్రాలను కప్పేసిన ధూళి మేఘాలు. ఈ వాక్యం నేను క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. కంటితో చూడటం మాత్రం ఇప్పుడే.

తర్వాత టెలిస్కోపు. ముందు శని గ్రహం. వలయాలు బాగా సన్నగా, గ్రహానికి సూది గుచ్చినట్టు కనిపించాయి. మా అమ్మాయి కాస్త నిరాశపడింది. ఫొటోల్లో చూసింది వేరు కదా. ఆ పిల్ల వెంటనే తన నోటుబుక్కును నిలువుగా పట్టుకుని మెల్లగా వంచి చూపించింది. 2025 మార్చిలో వలయాలు సరిగ్గా అంచు వైపు తిరుగుతాయని, అప్పుడు దాదాపు మాయమవుతాయని, మళ్ళీ కొన్నేళ్ళకు విచ్చుకుంటాయని చెప్పింది. నేనైతే బోర్డు మీద మూడు బొమ్మలు గీసేదాన్ని. తను ఒక్క నోటుబుక్కుతో తేల్చేసింది.

ఆండ్రొమెడా గెలాక్సీని టెలిస్కోపుతో చూపించే ముందు ఉత్త కంటితో వెతికించింది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. ఆ మసక చుక్క దొరికాక మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

నేను సప్తర్షి మండలం అడిగాను. వాయవ్యంలో కిందికి దిగిపోతోంది. వశిష్ఠుడి పక్కన అరుంధతి స్పష్టంగా కనిపించింది. మా దగ్గర పెళ్ళిలో కొత్త దంపతులకు ఈ చుక్క చూపిస్తారని, ఈ రోజుల్లో పట్టపగలు పెళ్ళిళ్ళు చేసి ఉత్త ఆకాశం వైపు వేలు పెట్టిస్తున్నారని చెప్పాను. తను చాలా ఇష్టంగా విని, టెలిస్కోపును అటు తిప్పింది. వశిష్ఠుడు ఒక్కడు కాదు, రెండు నక్షత్రాలు. మనవాళ్ళు అరుంధతి దాకా చూశారు, ఆ గాజు ఇంకో మెట్టు లోపలికి తీసుకెళ్ళింది. ధ్రువ నక్షత్రం మాత్రం నాకు కొత్తగా అనిపించింది. మా సిద్దిపేటలో అది పద్దెనిమిది డిగ్రీల ఎత్తున, చెట్ల వెనక ఉంటుంది. ఇక్కడ 32 డిగ్రీలు దాటి, తలెత్తి చూడాల్సిన చోట ఉంది. అక్షాంశం పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి సాధనం ఏముంటుంది!

ఎనిమిదిన్నర దాటాక తూర్పు కొండ మీద చిన్న గుంపుగా కృత్తికలు లేచాయి. మా ఊళ్ళో వాటిని పిల్లలకోడి అంటారన్నాను. పిల్లల్ని వెంటేసుకున్న కోడి. తనకు భలే నచ్చింది. వాళ్ళ అవ్వ వాటిని మిన్‌డ్రుక్ అంటుందట. డ్రుక్ అంటే ఆరు. మన కృత్తికలూ ఆరుగురే కదా, కుమారస్వామికి పాలిచ్చిన తల్లులు. ఎక్కడి ఈ చాంగ్‌థాంగ్ పీఠభూమి, ఎక్కడి సిద్దిపేట! లెక్క ఒక్కటే. ఆ పిల్ల ఎర్ర టార్చి వెలుగులో నోటుబుక్కు తెరిచి "పిల్లల్‌కోడి" అని హిందీ అక్షరాల్లో రాసుకుంది. అప్పటికే ఆ పేజీలో మరాఠీ, బెంగాలీ, మలయాళం పేర్లున్నాయి. వచ్చిన ప్రతివాళ్ళనూ అడిగి రాసుకుంటోందట. ఇలాంటి పని ఏ శిక్షణలోనూ నేర్పరు.

తొమ్మిదిన్నరకు ఒక ఇబ్బంది వచ్చింది. బయటి నుంచి వచ్చిన కారొకటి హైబీమ్ వేసుకుని ఊళ్ళోకి దిగింది. రిజర్వ్‌లో హైబీమ్ వేయకూడదు, ఇళ్ళ కిటికీలకు మందపాటి తెరలు వేయాలి, బయటి దీపాలకు మూత ఉండాలి, వెలుగు నేల మీదికే పడాలి. ఊరి వాళ్ళు ఇవన్నీ పాటిస్తున్నారు. మేమున్న ఇంట్లో వంటింటి తెర కాస్త తొలిగితే ఇంటావిడ పరుగున వెళ్ళి సర్దింది. ఆ కారు వాళ్ళకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. మళ్ళీ పదిహేను నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చున్నాం. ఆ పిల్ల కోప్పడలేదు కానీ ముఖం చిన్నబుచ్చుకుంది. పొలంలో గేదె పడితే రైతు ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. ఈ చీకటి వాళ్ళ పంట. పర్మిట్ ఇచ్చే చోటే, ట్యాక్సీ మాట్లాడే చోటే ఈ నియమాలు ముందుగా చెప్పి పంపాలని నా గట్టి అభిప్రాయం. మీరు వెళ్తే మీ డ్రైవరుకు మీరే చెప్పండి.

ఇల్లు గురించి. మట్టి గోడలు, కింద మందపాటి పరుపులు, ఒక్కొక్కరికి మూడు రజాయిలు. మధ్య గదిలో పొయ్యి. పిడకలు వేసి కాలుస్తారు, గది వెచ్చగా ఉంటుంది. రాత్రికి అన్నం, పప్పు, ఊళ్ళోనే పండిన ఆకుకూర. పొద్దున ఖంబీర్ రొట్టె, వెన్న, ఉప్పు వేసిన వెన్న టీ. ఆ టీ మొదటి గుక్క నాకు ఎక్కలేదు. ఆ చలిలో రెండో గ్లాసు నేనే అడిగి పోయించుకున్నాను. మరుగుదొడ్డి మన పద్ధతిలో ఉండదు. మేడ మీద గది, నేలలో కంత, పక్కన మట్టి కుప్ప, పార. వాడాక మట్టి వేయాలి. ఏడాదికి ఎరువై పొలానికి పోతుంది. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకు ఇది కష్టమే, నాకూ కష్టమైంది. ఒక స్టూలు లాంటిది పెడితే బాగుంటుందని ఇంటావిడకు చెప్పి వచ్చాను. కానీ నీళ్ళు కరువైన ఈ చలి ఎడారిలో గీజర్లు, ఫ్లష్‌లు ఎన్ని రోజులు నడుస్తాయి? క్యాంపులో మేము ఒక్క పూటలో పారబోసిన నీళ్ళు ఈ ఇంట్లో రెండు రోజులకు సరిపోతాయి. వేడి నీళ్ళు ఇక్కడ ఒక్క బకెట్టే ఇచ్చారు. చాలు.

డబ్బు విషయం. గది, రెండు పూటల తిండి కలిపి మా ఇద్దరికీ మూడు వేలు. ఆకాశ దర్శనానికి విడిగా తలకు ఐదు వందలు, ఆ పిల్లకే. క్యాంపుకు ఇచ్చిన ఏడు వేలల్లో ఈ ఊళ్ళో ఎంత మిగిలిందో నాకు తెలీదు. ఈ నాలుగు వేలు మాత్రం ఎవరి చేతికి పోయాయో నా కళ్ళతో చూశాను. పోయిన ఏడాది వచ్చిన డబ్బుతో ఏం చేశావని అడిగితే, తమ్ముడిని లేహ్‌లో హాస్టల్లో ఉంచి చదివిస్తున్నానంది.

తెల్లవారుజామున నాలుగింటికి మళ్ళీ లేపింది. దీనికి డబ్బు తీసుకోలేదు. "ఒక్కటి చూసి పడుకోండి ఆమాలే" అంది. తూర్పున కొండ వెనక నుంచి పెద్ద గోపురంలాగా తెల్లని వెలుగు పైకి లేచి ఉంది. అటువైపు ఏదో పట్నం ఉందనుకున్నాను. కాదట, తెల్లవారడమూ కాదట. గ్రహాల మధ్య తిరిగే సన్నని ధూళి మీద సూర్యకాంతి పడి వచ్చే వెలుగు, రాశిచక్ర కాంతి. పుస్తకంలో పేరు చదివాను, అంతే. ఇది కనిపించాలంటే ఆకాశం ఇంత నల్లగా ఉండాలి. దక్షిణాన గొల్లకావడి మూడు చుక్కలు (ఓరియన్ నడుము చుక్కలు) బాగా పైకెక్కి ఉన్నాయి. చలి సున్నాకు చాలా కిందే ఉండి ఉంటుంది, కళ్ళలోంచి కారిన నీళ్ళు చెంపల మీదే చల్లబడ్డాయి.

పొద్దున బయలుదేరే ముందు అంతరిక్షం నుంచి వచ్చే గామా కిరణాలను పసిగట్టే ఎమ్.ఎ.సి.ఇ. టెలిస్కోపును దూరం నుంచి చూశాం. 21 మీటర్ల అద్దాల పళ్ళెం. మరుసటి రోజే, అక్టోబరు 4న, దాన్ని అధికారికంగా ప్రారంభించారు. దాన్ని భాభా అణు పరిశోధన కేంద్రం మన హైదరాబాద్ ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) సాయంతో కట్టింది. మా అమ్మాయి రోజూ ఈసీఐఎల్ చౌరస్తా మీదుగానే ఆఫీసుకు పోతుంది. అక్కడి మనుషుల చేతి పని ఈ కొండల మధ్య ఎండలో మెరుస్తుంటే మా ఇద్దరికీ గర్వమనిపించింది.

ఇక్కడ ఒక మాట రాయకుండా ఉండలేను. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఇంట్లో తలుపులు మూసి కూర్చోబెట్టారు. అదే రోజు హైదరాబాద్‌కు యాభై కిలోమీటర్ల అవతల, ఉస్మానియా యూనివర్సిటీ వారి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు ఆ గ్రహణాన్ని పరిశీలించారు. నాలుగేళ్ళ తర్వాత ఎమ్మెస్సీ చదివేటప్పుడు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళారు. 48 అంగుళాల టెలిస్కోపు. చుట్టూ జొన్న చేలు, పైన చిక్కటి చీకటి. తర్వాత నగరం పెరిగింది, ఆకాశం తెల్లబడింది, అక్కడి పరిశీలనలు క్రమంగా తగ్గిపోయాయి. ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్ళకు ఆ చీకటి వల్ల ఏనాడూ ఒక్క రూపాయి రాలేదు. అలాంటప్పుడు వాళ్ళు దాన్ని ఎందుకు కాపాడాలి? పొలం పక్కన వెంచరు వేస్తే వచ్చే డబ్బు కళ్ళకు కనిపిస్తుంది కదా. హాన్లేలో చేసింది రంగాపూర్‌లో ఆ రోజుల్లోనే చేసి ఉంటే అని మిద్దె మీద కూర్చున్నంతసేపూ అనిపించింది. మా బ్యాచ్‌లో ఆ టెలిస్కోపు చూసి ఏడ్చినంత పని చేసిన అమ్మాయి ఒకరుండేది. ఆమె ఊరు అక్కడికి పది కిలోమీటర్లే.

వెళ్ళేవాళ్ళకు కొన్ని సంగతులు. ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతాలకు ఇచ్చే అనుమతి) కావాలో లేదో వెళ్ళేముందే కనుక్కోండి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పని చేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అమావాస్యకు అటూఇటూ మూడు రోజులు చూసుకుని టికెట్లు తీసుకోండి. పాలపుంత నడిమి భాగం బాగా కనిపించాలంటే ఎండాకాలం నుంచి అక్టోబరు మొదటి వారం లోపు వెళ్ళాలి. ఎత్తైన ఉమ్లింగ్ లా కనుమ చూడ్డానికి వెళ్తూ దారిలో ఒక్క పూట హాన్లేలో దిగి ఫొటో దిగేవాళ్ళను చాలామందిని చూశాను. దయచేసి అలా చేయకండి. రెండు రాత్రులైనా ఉండండి, మబ్బు పట్టినా ఒకటి మిగులుతుంది. బుక్ చేసేముందు ఒక్క ప్రశ్న అడగండి: "రాత్రి మీ బయటి లైట్లు ఏ రంగు?" తెల్లవి అంటే వద్దు.

మార్కులు వేయమంటే హోమ్‌స్టేకు నూటికి 85 వేస్తాను. తగ్గించినవి మరుగుదొడ్డికి, టెలిస్కోపు దగ్గర ముసలివాళ్ళు కూర్చోవడానికి కుర్చీ లేనందుకు. ఆకాశం చూపించిన పిల్లకు నూటికి నూరు. నా సర్వీసులో నూరు వేసింది చాలా తక్కువ మందికి.

వచ్చేటప్పుడు జీపు దాకా వచ్చి సాగనంపింది. శని వలయాలు 2032లో బాగా వెడల్పుగా విచ్చుకుంటాయట, అప్పుడు తప్పకుండా రమ్మంది. అప్పటికి నాకు డెబ్బై వస్తాయి బిడ్డా అన్నాను. "అయితే కుర్చీ తెప్పించి పెడతా ఆమాలే" అంది.